కౌజు పిట్టల మేత

పొద్దున నల్లా రాకముందే బొంబాయి కామాటిపుర నాలుగో గల్లీలోని ఆ వరస గదుల చాల్లో లేచే మనిషి మల్లవ్వ. లేవగానే మూడో అంతస్తు గ్యాలరీ చివర, పక్కింటి రత్నాబాయి ఒంటిగది ఖోలీ గోడకు ఆనించిన జాలీ పెట్టెల దగ్గరికి పోతుంది. మీద కప్పిన గోనెపట్టా తీసి, కౌజు పిట్టల కింది రేకులు లాగి రెట్ట గీకుతుంది. నీళ్ల మూకుళ్లు కడిగి, వాటిలో పిల్లలాడుకునే గోటీలు వేసి, ఆ పైన నీళ్లు పోస్తుంది. గోటీలు లేకపోతే బొటనవేలంత ఉండే కౌజు పిల్లలు నీళ్లలో తలపెట్టి అక్కడే చచ్చిపోతాయి. కాస్త పెద్దవైతే ఉలిక్కిపడి పైకెగిరి తల పగలగొట్టుకుంటాయి, అందుకని పెట్టెల కప్పుకు లోపల పాత చీర ముక్క కట్టింది. ఇంత బుర్ర తక్కువ పిట్టను ఎందుకు పెంచుతున్నావని రత్నాబాయి రోజూ అడుగుతుంది. మల్లవ్వ రోజూ నవ్వి ఊరుకుంటుంది.

పిట్టల పని అయ్యాక చీపురు పట్టి, నిన్నటి తన కోపాన్ని ఊడుస్తుంది.

మల్లవ్వకు కోపమొస్తే మాట రాదు, గింజ రాలుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పాలమూరులో వాళ్లమ్మకూ అంతేనట. నల్లా దగ్గర ఎవరైనా ఆమె బిందెను కాలితో పక్కకు నెట్టారనుకోండి, మల్లవ్వ పెదాలు బిగుసుకుంటాయి, మెడ మీద నరం లేస్తుంది, అంతే. మెట్లెక్కి పైకి వచ్చేలోపు కొంగులోంచి రాగుల్లాంటి గింజలు రాలిపోతాయి. కిరాణా కొట్టువాడు తూకంలో చెయ్యి పెడితే జొన్నలంతవి రాలతాయి. ఎవడో తాగుబోతు ఆమెను ఒళ్లమ్ముకునే పన్నెండో గల్లీ మనిషనుకుని చెయ్యి పట్టి లాగిన సాయంత్రం కందిగింజలంతవి రాలి, గ్యాలరీలో ముసలి బాలయ్య వాటి మీద కాలేసి జారి పడ్డాడు.

"నీ గింజలు జర జల్ది ఊడ్సుకోవమ్మా మల్లవ్వా, నా నడుం పోతున్నది" అని గొణుక్కుంటూ లేచి వెళ్లాడు.

ఆ గింజలు రోజంతా పొయ్యి మీద ఉంచినా ఉడకవు. చీమలు మోయవు, కాకులు ముట్టవు. చాల్ పిల్లలు పచ్చీసు ఆటలో కాయలుగా వాడుకుంటారు. రత్నాబాయి కొన్నిటిని డబ్బాలో పోసుకుని, పిల్లి వచ్చినప్పుడు గలగలలాడించి తరుముతుంది. మిగిలినవి చెత్తకుండీలోకి పోతాయి.

ఒక్క కోపం మాత్రం రాలలేదు. మల్లవ్వ మొగుడు లచ్చయ్య పరంజా మీద నుంచి పడి చచ్చిపోయిన నాటి కోపం అది.

లచ్చయ్య, కూలీలంతా మేస్త్రి అని పిలిచే ముకద్దం బాలనర్సయ్య ముఠాలో పనిచేసేవాడు. పాత బిల్డింగులకు మరమ్మతు చేసేటప్పుడు గోడ వెంబడి వెదుళ్లు నిలబెట్టి కొబ్బరి తాళ్లతో కడతారు కదా, ఆ పరంజా పైవరస మీద నిలబడేవాడు. ఆ తాళ్లు ఒక వానాకాలం తడిస్తే ఇక పనికిరావు. పని నేర్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. బాలనర్సయ్యకు ఇంకా బాగా తెలుసు. తెలిసే, కొత్త తాడు తెప్పించక, నిరుడు వానకు నాని ఎండి ఎలకలు కొరికిన కుప్పలోంచి తీసి కట్టమన్నాడు. కింద మట్టి తట్ట మోస్తున్న మల్లవ్వ తన కళ్లతో చూసింది. మధ్యాహ్నం తాడు తెగింది. సాయంత్రానికల్లా లచ్చయ్య తాగి పడ్డాడని ముఠా అంతా చెప్పుకుంది. లచ్చయ్య జీవితంలో కల్లు తప్ప తాగింది లేదు, అదీ ఊళ్లో ఉన్నప్పుడు.

విచారణకు వచ్చినవాళ్లు మల్లవ్వను అడిగారు. పక్కనే లచ్చయ్య అన్న శంకర్రావు నిలబడి, మరదలి మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. "రేపు మనకందరికి ఆయన దగ్గర్నే పని గావాలె" అని నెమ్మదిగా చెవిలో చెప్పాడు. మల్లవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ రోజు గింజా రాలలేదు. చాల్ ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని ఎదురుచూశారు, ఇక మెట్లు నిండిపోతాయేమోనని. ఒక్కటీ రాలలేదు. ఆ కోపం ఆమె గొంతు కింద, రొమ్ముల నడుమ ఒక గడ్డలాగా ఉండిపోయింది, అన్నం మింగితే తగిలేది.

తర్వాత ఊరి నుంచి తమ్ముడు సైదులు వచ్చాడు, అక్కకు తోడుగా ఉంటానని. సైదులు ఎప్పుడూ నవ్వే మనిషి. ఎవరేం చెప్పినా "సరే" అనేవాడు. నలుగురు మోసే సిమెంటు సంచి ఒక్కడి మీద పెడితే సరే అన్నాడు, పగారు వచ్చే వారం ఇస్తానంటే సరే అన్నాడు. బావ తాగి పడిపోయాడంటే, పాపం అని అదీ నమ్మాడు. బాలనర్సయ్యకు ఇలాంటి మనుషులంటే మహా ప్రేమ. మొదట మట్టి మోయించాడు, తర్వాత వెదుళ్లు అందించే పనిలో పెట్టాడు. అక్కడి నుంచి పైవరస ఎంత దూరమో మల్లవ్వకు తెలుసు.

అందుకే ఈ పిట్టలు. పరేల్లో పశువుల కాలేజీ పిట్టల కొట్టంలో పనిచేసే రత్నాబాయి కొడుకు ఆంజనేయులు కొన్ని పిల్లల్ని తెచ్చిచ్చాడు. అవి గుడ్లు పెడితే, ఆ గుడ్ల మీద ఇద్దరూ బతకగలిగితే, సైదులు ముకద్దంకు దండం పెట్టి బయటికి రావచ్చు. మల్లవ్వ ఆలోచన అంతే. ఆ పిట్ట గుడ్డు గచ్చకాయ కంటే కొంచెం పెద్దది, అంతే. దాని మీద ఒక మనిషి ప్రాణం పెట్టుకుంది.

పిట్టలు రాగానే చాల్లో ప్రతివాడూ మేత పండితుడయ్యాడు. అందరికన్నా ముందు శంకర్రావు.

"మేత కొనుడేంది మల్లవ్వా? మనూర్ల కౌజులు ఏం తింటయ్? జొన్నలు, గడ్డిగింజలు. నా చిన్నప్పుడు ఉచ్చులు పెట్టి ఎన్ని పట్టలేదు! జొన్నలు పోయ్, అవే పెరుగుతయ్."

ఆ చాల్లో పాలమూరు నుంచి వచ్చిన వాళ్లంతా అవునంటే అవునన్నారు. జొన్నచేలో తిరిగే పిట్ట వేరు, జపాను దేశపుదని చెప్పి జాలీ పెట్టెలో పుట్టించిన పిట్ట వేరు అని ఎవరికీ తట్టలేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, చాలు. మల్లవ్వ జొన్నలు నూరి పోసింది. పిల్లలకు ఈకలు సరిగా రాలేదు, కాళ్లు వంకరపోయి కొన్ని కూలబడ్డాయి. తర్వాత గ్రాంట్ రోడ్ స్టేషన్ పక్క దుకాణంలో కోళ్ల మేత తెచ్చింది. అది గుడ్లు పెట్టే కోళ్ల కోసం సున్నపురాయి దట్టించిన మేత. పసి పిల్లలు అది తిని ముడుచుకుని పడుకున్నాయి. కాస్త బతికినవి మక్కల పలుకులు ఏరుకుని మిగతాదంతా కాళ్లతో చిమ్మేశాయి.

ఆంజనేయులు ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు పెట్టె ముందు కూర్చుని తల పట్టుకున్నాడు.

"పిట్ట చిన్నది గని దాని ఆకలి పెద్దదక్కా. కోడి కన్న జల్ది పెరుగుతది. కండ పెరగాలంటే నీసు గావాలె. రొయ్యపొట్టు, పల్లిచెక్క, మక్కలు, మూడు కలిపి రవ్వలెక్క ఇసురు. గుడ్డు మీదికొచ్చినంకనే ఆల్చిప్పల పొడి కలపాలె. ముందుగాల కలిపితే గిట్లనే పంటయ్."

"ఎంతెంత కలపాలె?"

"అది నాకు తెల్వదు. సార్లు కలిపి బస్తాలల్ల పంపుతరు. నేను పోస్త, అంతే."

కొలత మల్లవ్వే కనిపెట్టుకుంది, చేతితో. పొట్టు ఎక్కువైతే రెట్ట నీళ్లయ్యేది, తక్కువైతే పిట్టలు ఒకదాని తోక ఒకటి పీకేవి. నూనె పిండగా మిగిలిన పల్లిచెక్కకు వానాకాలం కంటికి కనబడని బూజు పడుతుంది. అందుకని ప్రతి ముక్కనూ విరిచి వాసన చూసి, నాలుక కొసకు తగిలించి, చేదుగా ఉంటే కింది మురుగు మోరీలో పారేసేది. రత్నాబాయి తిరగలి అరువు తెచ్చుకుని గ్యాలరీలో కూర్చుని విసిరేది. ఆషాఢం వచ్చేసరికి పిట్టలు బలిశాయి. సాయంత్రం దీపాల వేళకు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి, మసక రంగు మీద మట్టి మచ్చలతో. గల్లీ మొగలోని ఇరానీ హోటల్ వాడు అడిగి మరీ తీసుకున్నాడు. పన్నెండో గల్లీ ఆడవాళ్లు ఒంటికి బలమని చెప్పి గుప్పెళ్లతో కొన్నారు. సైదులు పని నుంచి వచ్చి గంప భుజాన పెట్టుకుని తిరిగి అమ్మేవాడు.

"ఇంకొన్ని దినాలాగు తమ్మీ. మేస్త్రికి చెప్పేద్దాం" అంది మల్లవ్వ.

"సరే అక్కా" అన్నాడు సైదులు.

అప్పుడొచ్చింది శ్రావణం.

శంకర్రావు గురించి ఒక మాట చెప్పాలి. మల్లవ్వ, సైదులు ఉండే ఖోలీ ఆయన పేరు మీద ఉంది. చాల్లోని భజన మండలికి పెద్ద ఆయనే. నుదుట బొట్టు చెరగదు, నోట రామనామం ఆగదు, పుణ్యాత్ముడని పేరు. ఊళ్లో ఉన్నప్పుడు ఇదే శ్రావణంలో పోచమ్మకు కోడిని కోసి, కాలు ముక్క తనకే కావాలని పోట్లాడి తిన్న మనిషి. బొంబాయి వచ్చాక పక్క చాల్ల వాళ్లు నెలంతా నీసు మానేస్తారని చూసి, తానూ మానేశాడు. మానేస్తే మానేశాడు, ఎవరికి నష్టం. కానీ ఈయన భక్తి చేసేది ఎప్పుడూ ఎదుటివాళ్ల కడుపుతోనే.

"రేపటిసంది ఇంట్ల నీసు ముచ్చట ఉండొద్దు మల్లవ్వా. ఆ రొయ్యపొట్టు బైట పారెయ్" అన్నాడు గ్యాలరీలో నిలబడి.

"అది మనకు గాదు బావా, పిట్టలకు."

"పిట్టలు ఎవరి గడపల ఉన్నయ్? మన గడపల ఉన్నదానికి మన నేమమే."

"నీసు లేకుంటే అవి గుడ్లు పెట్టయ్."

"నెల దినాలు పెట్టకుంటే ఏం మునుగుతది? మనం ఉంటలేమా ఒక్కపొద్దులు?"

ఆల్చిప్పల పొడి అయినా ఉండనిమ్మంది. అదీ సముద్రంలో బతికిందే కదా అన్నాడు. రత్నాబాయి గుమ్మంలోంచి తొంగి చూసి, "అగ్గ బాయీ, పిట్టలకు గూడ శ్రావణం పట్టిచ్చినవా శంకర్రావ్? రేపు నల్లులకు చెప్పు, నెత్తురు తాగొద్దని" అంది. శంకర్రావు వినబడనట్టు జపమాల తీశాడు. మల్లవ్వ కొంగులోంచి పెసలంతవి పొలపొలా రాలాయి. ఆయన వాటిని చెప్పుతో పక్కకు తోసి లోపలికి పోయాడు.

వారం తిరక్కుండానే పెట్టెల్లో గురగుర ఆగిపోయింది. పిట్టలు ఒకదాని వేళ్లు ఒకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. ఒకదానికి నెత్తురు కనబడితే మిగిలినవన్నీ దాని మీదికే పోయేవి. గుడ్లు తోలుసంచుల్లా మెత్తగా పడి, ముట్టుకుంటే కారిపోయేవి. మల్లవ్వ తన పళ్లెంలో పప్పు తీసి వాటికి పెట్టింది, తను కారంతో తిన్నది. పెంకు గట్టిపడుతుందేమోనని రత్నాబాయి పాన్ సున్నం ఇచ్చింది. పల్లిచెక్క పెంచుదామంటే, వానకు వచ్చిన చెక్కంతా చేదే. కొంచెమే కదా అని ఒక రోజు వేస్తే తెల్లారేసరికి మంచి పెట్ట ఒకటి కాళ్లు చాచి పడి ఉంది. తర్వాత గుడ్లు మొత్తానికే ఆగిపోయాయి. శంకర్రావు మాత్రం రోజూ పొద్దున ఉపవాసం పిట్టలను చూసి తృప్తిగా తల ఊపి పోయేవాడు. ఆ తల ఊపడం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఒక సాయంత్రం సైదులు ఖాళీ గంప మేకుకు తగిలించి, నవ్వుతూ కూర్చున్నాడు.

"మేస్త్రి పిలిచిండక్కా. గ్రాంట్ రోడ్ బిల్డింగు మీద పైవరసకు మనిషి గావాల్నట. పగార్ గూడ ఎక్కువిస్త అన్నడు. ఎక్కుత అన్న."

"ఎక్కకు."

"ఎందుకక్కా? పిట్టలు ఎట్లాగు పెడ్తలెవ్వు."

మల్లవ్వ నోరు తెరిచింది. ఆ తాడు, ఆ కుప్ప, ఎలకలు కొరికిన ఆ కొస, తన మోచేతి మీద శంకర్రావు వేళ్లు, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. గడ్డ అడ్డం పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి తప్ప ఒక్క అక్షరం బయటికి రాలేదు.

"భయపడకు. నేను బావలెక్క తాగ గద" అన్నాడు సైదులు. ఓదారుస్తున్నాననుకున్నాడు పిచ్చివాడు.

మరునాడు మల్లవ్వ బజారుకు పోయి రొయ్యపొట్టు కొనుక్కొచ్చింది. శ్రావణం లేదు, గడప లేదు. రెండు రోజులు సరైన మేత పడితే పిట్టలు కోలుకుంటాయి, కోలుకుంటాయని తమ్ముణ్ని ఆపొచ్చు. బట్టల మూటలో దాచి పైకి తెచ్చి, గ్యాలరీ మూల కూర్చుని తిరగలిలో పోసింది. వానకు గాలి ఆడక ఆ వాసన చాల్ అంతా నిలిచింది. భజనలో ఉన్న శంకర్రావు తాళాలు పట్టుకునే బయటికి వచ్చాడు. వెనక మండలి వాళ్లూ వచ్చారు.

ఆయన ఏమీ అడగలేదు. వంగి, పొట్లం తీసుకుని, గ్యాలరీ పిట్టగోడ మీదుగా కింద మోరీలోకి విసిరేశాడు. తిరగలిలో ఉన్నదాన్ని కూడా చేత్తో ఊడ్చి పారేసి, ఆ చేతిని మల్లవ్వ బిందెలోని నీళ్లతో కడుక్కున్నాడు.

"సిగ్గుండాలె. మొగడు తాగి పడి సచ్చిండు, ఆడది నెల దినాలు నోరు కట్టుకోలేకపాయె" అన్నాడు అందరికీ వినబడేలా. "మా లచ్చయ్య పరువు తీసేదాక ఊకుండవా?"

తాగి పడ్డాడని ఆయన అన్నాడు. ఆ సాయంత్రం తెగిన తాడు కొసను చేతిలో పట్టుకుని చూసిన మనిషి. దాన్ని మల్లవ్వ తప్ప ఎవరూ చూడకుండా ఇసుక కుప్పలో దాచిన మనిషి. తల్లి కడుపు పంచుకున్న తమ్ముడి మీద ఆ మాట వేయడానికి ఆయన నోరు తడబడలేదు. చేతిలో తాళాలు కూడా చప్పుడు కాలేదు.

మల్లవ్వ లేచి నిలబడింది. రెండు చేతులతో రొమ్ము పట్టుకుంది. ముందు ఒకటి రాలింది. శనగగింజ కంటే పెద్దది, నలుపులో ఎరుపు, గచ్చు మీద పడి పగుళ్లు తెచ్చింది. తర్వాత ఆగలేదు. కొంగులోంచి, కుచ్చెళ్లలోంచి, జుట్టు ముడిలోంచి రాలుతూనే ఉన్నాయి. గ్యాలరీ నిండి, మెట్ల మీదుగా దొర్లి, రెండో అంతస్తు దాకా పోయాయి. మండలి వాళ్లు ధోవతులు ఎత్తి పట్టుకుని జాగ్రత్తగా అడుగులు వేస్తూ లోపలికి పోయారు. శంకర్రావు వాళ్ల వెనకే నడిచాడు. కాసేపటికి భజన మళ్లీ మొదలైంది.

రత్నాబాయి చాట తెచ్చింది. ఇద్దరూ కూర్చుని ఎత్తసాగారు. పెట్టెల్లోని పిట్టలు అన్నీ ఒకేవైపు, జాలీకి ముక్కులు ఆనించి నిలబడ్డాయి.

"చూస్తున్నవా, అడుగుతున్నయ్" అంది రత్నాబాయి.

"రాళ్ల తీర్గ ఉంటయక్కా. ఎట్ల తింటయ్?"

"ఉడకయ్ గని, ఇసిరి చూసినమా ఎన్నడన్న?"

నిజమే, ఎవరూ విసరలేదు. మల్లవ్వ ఒక గుప్పెడు తిరగలిలో పోసి పిడి పట్టుకుంది. రాయి మొరాయించింది. రత్నాబాయి కూడా చెయ్యి వేసింది. నిప్పురవ్వలు లేచాయి, తర్వాత పిండి రాలింది, ఎర్రటి రవ్వ, రొయ్యపొట్టు కన్నా ఘాటైన వాసనతో. మల్లవ్వ అలవాటుగా చిటికెడు నాలుక మీద పెట్టుకుంది. చేదు లేదు. ఉప్పగా, వేడిగా, గొంతు దాకా పాకింది. పసి పిల్లలకు మెత్తగా జల్లించింది, పెట్టలకు బరకగా ఉంచింది, పుంజులకు కొంచెమే వేసింది, అవి అసలే పోట్లాటకోర్లు. మూకుళ్లు పెట్టగానే పిట్టలు పొడుచుకోవడం మానేసి తలలు వంచాయి.

మరునాటి సాయంత్రానికి కడుపులు బిగిశాయి. ఇంకొక రోజుకు గుడ్లు వచ్చాయి. పెంకు గట్టిగా, మచ్చలు ముదురు ఎరుపుగా ఉన్నాయి. చేతికి తీసుకుంటే చాలాసేపు వెచ్చగా ఉండేవి.

తెల్లవారితే సైదులు పైవరస ఎక్కాలి. ఇంట్లో గిన్నెలో గుడ్డు ఉడకడానికి వీల్లేదు, శ్రావణం కదా. పొద్దున్నే మల్లవ్వ పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన అన్నం డబ్బాలో కుక్కి, మధ్యలో ఆ పచ్చి గుడ్లు గుచ్చి, మీద మళ్లీ అన్నం కప్పి, పచ్చిపులుసు సీసాతో పాటు తమ్ముడి చేతికిచ్చింది. కౌజు గుడ్డు ఎంత, డబ్బా తెరిచేలోపు ఆ వేడికే ఉడికిపోతుంది.

"ఎక్కేముందు తిను తమ్మీ. తిన్నంకనే ఎక్కు."

"సరే అక్కా."

పొద్దుటి నుంచి వాన కురవడంతో పని ఆలస్యమైంది. బిల్డింగు కింద గోనెసంచుల మీద కూర్చుని ముఠా అంతా డబ్బాలు తెరిచింది. సైదులు అన్నంలోంచి గుడ్లు తీసి, రాయి మీద కొట్టి వొలిచి, ఉప్పు అద్దుకుని తిన్నాడు. పక్కవాడికి కూడా ఒకటిచ్చాడు. చెయ్యి కడుక్కుని, నవ్వుతూనే పరంజా దగ్గరికి నడిచాడు. బాలనర్సయ్య గొడుగు కింద నిలబడి పైకి చూపించాడు.

సైదులు వెదురు మీద కాలు పెట్టాడు. ముడి వేసిన తాడును పిడికిట్లో పట్టుకుని ఒక్కసారి లాగాడు. తడి పీచు చేతికి వచ్చింది. దాన్ని కళ్ల ముందుకు తెచ్చుకుని చూశాడు. ఆ మొహంలో నవ్వు పోవడం ముఠాలో అందరూ చూశారు. అంతకుముందు ఎవరూ చూడని మొహం అది.

"ఏందిరా, ఎక్కు" అన్నాడు బాలనర్సయ్య.

"నేనెక్క."

బాలనర్సయ్యకు ముందు అర్థం కాలేదు. సైదులు నోట ఆ మాట రావడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"ఎక్కవా? ఎందుకెక్కవ్?"

"మా బావ తాగి పడలే. నువ్వు ఎలకలు కొరికిన తాడు కట్టిచ్చినవ్. నిరుటి కుప్పలకెల్లి గుంజి ఇచ్చినవ్. మా అక్క చూసింది. తెగిన కొస ఇసుకల పెట్టిండ్రు. గిది గూడ గదే తాడు. నువ్వెక్కు మేస్త్రీ. ఎక్కరాదు? నువ్వెక్కి చూపియ్, నీ వెనక నేనెక్కుత!"

ఆ అరుపుకు రోడ్డు మీద పోయే టాక్సీలు ఆగాయి. గుడ్డు తిన్న పక్కవాడు లేచి, తన తట్ట నేలకేసి కొట్టాడు. మిగిలినవాళ్లు ఏమీ తినకపోయినా, చెవులున్నాయి కనుక, ఒక్కొక్కరే పరంజాకు దూరంగా జరిగి నిలబడ్డారు. వాళ్లలో సగం మంది ఆనాడు తాగి పడ్డాడని చెప్పుకున్నవాళ్లే.

బాలనర్సయ్య చాల్ మెట్లెక్కి వచ్చేసరికి మల్లవ్వ పిట్టలకు నీళ్లు మారుస్తోంది. ఆయన కేకకు శంకర్రావు కూడా బయటికి వచ్చాడు.

"వానికెవరు చెప్పిండ్రు?" అని మీదికి వచ్చాడు ముకద్దం. "వాడు అప్పుడు బొంబాయిల్నే లేడు. ఎవరు చెప్పిండ్రు?"

శంకర్రావు మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా మల్లవ్వ చెప్పదు మేస్త్రీ. దానికి మాట రాదు" అన్నాడు.

"మరి ఏం మందు పెట్టినవే వానికి?"

మల్లవ్వ మూకుడు కింద పెట్టి నిటారుగా నిలబడింది. గొంతు కింద ఏమీ అడ్డు లేదు.

"గుడ్లు పెట్టిన" అంది మల్లవ్వ. ఆ గొంతు విని రత్నాబాయి గుమ్మంలోకి వచ్చింది.

"శ్రావణంల గుడ్లా?" అన్నాడు శంకర్రావు.

అదీ ఆయన అడిగింది. తమ్ముడి చావు వెనకున్న నిజం ఊరంతటికీ తెలిసిపోయిన పూట, ఆ మనిషి నోట వచ్చిన మాట అది. మల్లవ్వ ఆయన వైపు చూసింది. తర్వాత ఏమందో ఇక్కడ రాయడం కుదరదు. పాలమూరు ఆడవాళ్లు చేల గట్ల మీద నిలబడి తిట్టే తిట్లు, తల్లి నుంచి విన్నవి, ఎన్నేళ్లుగానో లోపల ఉన్నవి, వరస తప్పకుండా వచ్చాయి. నాలుగంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. ముసలి బాలయ్య నడుము పట్టుకుని వచ్చి నిలబడి విన్నాడు. ముకద్దం సగంలోనే మెట్లు దిగిపోయాడు. శంకర్రావుకు దిగడానికి చోటు లేదు, ఇల్లు ఆయనదే, మొత్తం వినాల్సి వచ్చింది.

గ్రాంట్ రోడ్ బిల్డింగుకు కొత్త తాళ్లు వచ్చేదాకా ఒక్కడూ ఎక్కలేదు. చేతి బండి మీద చుట్టలు చుట్టలుగా తెచ్చి దింపారట. బాలనర్సయ్య మంచివాడయ్యాడని ఎవరూ అనుకోవద్దు, మనుషులు దొరక్క తెప్పించాడు. జైలుకు పోలేదు, గొడుగు కింద నిలబడటమూ మానలేదు. శంకర్రావు భజన కూడా ఆగలేదు, వచ్చేవాళ్లు తగ్గారంతే. మల్లవ్వను ఖోలీ నుంచి వెళ్లగొట్టాలని చూశాడు. రత్నాబాయి తన ఖోలీలో ఒక గోడ వార చోటు అక్కాతమ్ముళ్లకు ఇచ్చింది, పిట్టలు ఎలాగూ తన గోడకే ఉన్నాయని. ఎర్ర రవ్వ శ్రావణం ముగిసేసరికి అయిపోయింది. ఆ పైన పిట్టలు రొయ్యపొట్టు, పల్లిచెక్క, మక్కలే తిన్నాయి, మామూలు గుడ్లే పెట్టాయి.

సైదులు మాత్రం మళ్లీ మామూలు కాలేదు. ముకద్దం దగ్గరికి ఇక పోలేదు, గుడ్ల గంపే పట్టుకున్నాడు. ఇరానీ హోటల్ వాడు పగిలిన గుడ్లు తిప్పి పంపితే పోట్లాడతాడు. బస్సులో గంపకు టికెట్టు అడిగితే పోట్లాడతాడు. మెట్ల మీద దీపం లేదని, మోరీ మూత లేదని, కనబడ్డవాడితోనల్లా పోట్లాడతాడు. సరే అన్న మాట అతని నోట విని ఎన్నాళ్లయిందో. ఈ గోల పడలేకపోతున్నానని రత్నాబాయి పొద్దస్తమానం సణుగుతుంది. సాయంత్రం దీపాల వేళకు ఆ అరుపు కింది మెట్ల మీద వినబడగానే మల్లవ్వ పొయ్యి మీది గిన్నె దించి, తమ్ముడికి అన్నం వడ్డిస్తుంది.